ఏది ఆట? ఏది క్రీడ?

హనుమాన్ జంక్షన్ నాలుగు దారుల కూడలి. చెన్నపట్నమునుండి కలకత్తాకు పోవు రహదారిని ఇచ్చట నూజివీడునుండి గుడివాడకు దిగు బాట అడ్డముగా దాటుచున్నది. సంక్రాంతి మూడు దినములలో ఈ కూడలికి నలుప్రక్కల గల పల్లెలను చుట్టి వచ్చిన వానికి ఒక ప్రశ్న తోచక మానదు. ఒక చోట కోసిన వరిచేనిలో బరి గీచి కోళ్ళను దింపుచుందురు. వేరొక చోట ఎడ్లు బండను లాగుచుండును. ఇంకొక చోట కుఱ్ఱవాండ్రు చెడుగుడు ఆడుచుందురు. ఏ యింటి అరుగుమీదనో నలుగురు పెద్దమనుష్యులు పేకముక్కలు పంచుకొనుచుందురు. అడిగినచో అన్నియు ఆటలే యందురు. కాని పోలీసు అధికారి కొన్ని ఆటలకు వచ్చి బహుమతులు పంచును. కొన్ని ఆటలకు వచ్చి ఆటగాండ్రను జీపు ఎక్కించును. ఈ భేదమునకు ఆధారమేమి?

మన భాషను అడిగినచో అది స్పష్టమైన సమాధానము చెప్పదు. ‘ఆట’ యను మాటలో తోలుబొమ్మలాటయు ఇమిడియున్నది, సినిమాహాలులోని రెండవ ఆటయు ఇమిడియున్నది. ‘పందెము’ మరింత చిక్కైన మాట. పరుగుపందెము పాఠశాలలో బాలురకు నేర్పునది. పందెము కాయుట బాలురకు కూడదని చెప్పునది. రెండును ఒక్క మాటే. ‘క్రీడ’ కూడ మొదట జలక్రీడ, ఉద్యానక్రీడ వంటి వినోదములకే చెల్లినది. దానికి నియమములు, కొలతలు, పతకములు గల పోటీ యను అర్థము స్థిరపడినది ఇటీవలి కాలముననే.

బెర్నార్డ్ సూట్స్ అను తత్త్వవేత్త 1978లో ప్రకటించిన గ్రంథమున ఆటకు ఒక చక్కని లక్షణము చెప్పినాడు. అనవసరమైన అడ్డంకులను మనమై మనము కల్పించుకొని, వానిని దాటుటకు ఇష్టపూర్వకముగా పూనుకొనుటయే ఆట యని ఆయన మతము. మన చెడుగుడు ఇందుకు మంచి ఉదాహరణము. ఎదుటివానిని తాకి వెనుకకు వచ్చుట ఏమంత ఘనకార్యము? ఊపిరి పీల్చుకొనుచు నింపాదిగా పోయినచో ఎవడైనను ప్రయత్నింపవచ్చును. కూత ఆపక, ఒక్క ఊపిరిలో పోయి రావలెనను నియమమే దానిని ఆటగా చేసినది. ఆ నియమము తీసివేసినచో మిగులునది తోపులాట మాత్రమే.

అయితే ఆట క్రీడ యగుటకు ఇంకొక మెట్టు కలదు. పల్లెలో చెడుగుడు బరి ఎంత యుండవలెనన్నది ఖాళీ స్థలమునుబట్టి యుండును. కూత ఆగినదా లేదా యన్నది గొంతు పెద్దదిగా నున్నవాని తీర్పు. అదియే కబడ్డీ యను పేర 1936లో బెర్లిను ఒలింపిక్కుల సందర్భమున ప్రదర్శింపబడి, 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకపు పోటీగా చేరినది. నేడు పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల మైదానము; జట్టుకు ఏడుగురు; కూతకు 30 సెకనులు. ఇచ్చట గెలిచినవాడు చైనాలోనైనను అదే నియమము క్రింద గెలువవలెను. ఆటకు ఊరు ఉండును, క్రీడకు ఊరితో పనిలేదు.

అంతర్జాతీయ క్రీడాసమాఖ్యలన్నిటికి ఉమ్మడి సంఘముగా 1967లో ఏర్పడి 2022లో రద్దైన సంస్థ యొకటి, క్రొత్త క్రీడలను చేర్చుకొనుటకు కొన్ని షరతులు పెట్టినది. పోటీ యుండవలెను. అదృష్టమును నియమములలోనే చొప్పించి యుండరాదు. ఆడువారికి మితిమీరిన అపాయము కలుగరాదు. ఏ ప్రాణికిని హాని చేయరాదు. ఒకే వ్యాపారి యమ్ము సామగ్రిపై ఆధారపడరాదు.

కోడిపందెము నాల్గవ షరతువద్దనే పడిపోవుచున్నది. కత్తి కట్టిన కోడికి ఓడుట యనగా సాధారణముగా చచ్చుటయే. దానిని మేపుటలో, పెంచుటలో నేర్పు లేదని యెవరును అనరు; డేగ, కాకి, నెమలి యని రంగులు విభజించి, ఏ దినమున ఏ రంగు గెలుచునో చెప్పు కుక్కుటశాస్త్రమే యున్నది. పల్నాటి వీరుల కథలోనే కోడిపోరు కలదు గదా యని వాదించువారు కలరు. ప్రాచీనత గౌరవింపదగినదే కాని అది క్రీడాలక్షణము కాదు. జూదము అంతకంటెను ప్రాచీనము. జంతువులపై క్రూరత్వమును నివారించు 1960నాటి చట్టమును, ఆంధ్రప్రదేశపు 1974నాటి జూదనిషేధ చట్టమును దీనిని నేరముగానే పరిగణించుచున్నవి. నిమిషములలో ముగియు ఈ పోరుమీద ఒక పంటకాలపు రాబడి చేతులు మారుట డెల్టాలో వింత కాదు. బరిలో కోడి, బరి బయట కుటుంబము.

బండలాగుడు విషయము అంత తేలిక కాదు. కృష్ణా, గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో ఒంగోలు జాతి ఎడ్లకు జరుగు ఈ పోటీలను దగ్గరనుండి చూచినవారికి ఇందలి క్రమశిక్షణ తెలియును. మల్లయోధులను బరువునుబట్టి విభజించినట్లు ఎడ్లను పండ్లనుబట్టి విభజింతురు: రెండు పళ్ళ విభాగము, నాలుగు పళ్ళది, ఆరు పళ్ళది, ఆపైన పెద్ద ఎడ్లది. విభాగమునకు తగిన బరువు గల బండ. నిర్ణయించిన నిమిషములలో ఎన్ని అడుగుల దూరము లాగినవో టేపుతో కొలుతురు. ఇందు అదృష్టము పాలు స్వల్పము. సంవత్సరము పొడుగునను మేపిన మేత, చేయించిన సాధన, జత కుదురుట ప్రధానము. ఇవి యన్నియు క్రీడాలక్షణములే. చెర్నాకోల దెబ్బ, తోక మెలిపెట్టుట మాత్రము కావు. ఎడ్లబండ్ల పరుగులను, జల్లికట్టును సుప్రీంకోర్టు 2014లో నిషేధించి, రాష్ట్రములు చట్టములు సవరించుకొనిన పిమ్మట 2023లో ఆ సవరణలను సమర్థించినది. కనుక ఎద్దును కొట్టక లాగించు పోటీయే నిలుచునని నా అభిప్రాయము. అట్లు లాగింపగల రైతు గొప్పతనము మరింత తెలియును కూడ.

ఇక పేకాట. ఈ ప్రశ్నను దేశమున కెల్ల తీర్చిన వ్యాజ్యము మన రాష్ట్రమునుండియే పోయినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడువారిపై పెట్టిన కేసులో 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుట నేర్పుతో కూడిన పని గనుక, రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయే యన్నది. మూడుముక్కలాట అట్టిది కాదనియు, ఆడించువారు ఆటనుండి లాభము గడించినచో నేరము కావచ్చుననియు కూడ చెప్పినది. ఈ చివరిమాటను పలువురు మరచిరి. తరువాతి కథ తెలిసినదే: రమ్మీ చేతిఫోనులోనికి వచ్చినది, అప్పులు ఇంటిలోనికి వచ్చినవి. ఆంధ్రప్రదేశము 2020లోను, కేంద్రము 2025లోను డబ్బు పెట్టి ఆన్‌లైనులో ఆడు ఆటలను నిషేధించినవి. కేంద్రచట్టము నైపుణ్యమా అదృష్టమా యను ప్రశ్ననే ప్రక్కకు నెట్టి, పణము ఉన్నదా లేదా యని మాత్రమే చూచినది.

నైపుణ్యమున్నంత మాత్రమున ఆట క్రీడ యగునా? బ్రిడ్జి ఆటను చూడుడు. పోటీలలో ఒకే పంపకపు ముక్కలను వేర్వేరు బల్లలవద్ద వేర్వేరు జట్లచేత ఆడించి, ఎవరు మిన్నగా ఆడిరో పోల్చుదురు. ముక్కలు మంచివి పడినవన్న సాకు ఎవరికిని దక్కదు. 2018 జకార్తా ఆసియా క్రీడలలో 60 ఏండ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏండ్ల శివనాథ్ సర్కార్ ఈ యాటలోనే మన దేశమునకు స్వర్ణము తెచ్చిరి. ఇంగ్లండులోనో, 2015లో అచ్చటి హైకోర్టు బ్రిడ్జిని క్రీడగా గుర్తింపనక్కర లేదన్నది; 2017లో ఐరోపా న్యాయస్థానము దేహశ్రమ తగినంత లేదని పన్నుమినహాయింపు నిరాకరించినది. ఒక ఖండమున స్వర్ణపతకము, ఒక ఖండమున పన్ను!

దేహశ్రమయే గీటురాయి యైనచో హనుమాన్ జంక్షన్‌నుండి దక్షిణముగా పోవు బాట చివరనున్న గుడివాడ నొచ్చుకొనును. చదరంగమున కోనేరు హంపి 1987లో పుట్టినది ఆ ఊరనే. 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టరై, 2006 దోహా ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచి, 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియను అయినది. మన ప్రభుత్వము 1961లోనే మాన్యుయెల్ ఆరన్‌కు అర్జున పురస్కారమిచ్చి చదరంగమును క్రీడగా ఒప్పుకొన్నది. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము గుర్తించినది 1999లో. ఇక పడమటి బాటన విజయవాడకు పోయినచో వెన్నం జ్యోతి సురేఖ విల్లు కనిపించును. ఆమె 2023లో హాంగ్‌ఝౌలో మూడు స్వర్ణములు గెలిచినది. 50 మీటర్ల దూరమునకు గురి చూచునప్పుడు ఆమె దేహము ఎంత తక్కువ కదలిన అంత మేలు! అయినను విలువిద్య క్రీడ కాదని ఎవరును అనరు. కావున శ్రమ ఎంత యన్నది కాదు, ఫలితము ఆడువాని చేతిలోనున్నదా లేదా యన్నది ప్రధానముగా చూడవలెను. గాలి వీచుట అందరికిని సమానము. ముక్క పడుట అట్లు కాదు.

ఈ చర్చ పండితుల కాలక్షేపమని తోచవచ్చును. కాని కళాశాలలో సీటు, ప్రభుత్వోద్యోగమున క్రీడాకారుల కోటా, శిక్షకుని జీతము ఇవన్నియు ఆ ఒక్క గుర్తింపుమీద ఆధారపడి యున్నవి. ఇప్పుడు ఇంటింట తల్లిదండ్రులను వేధించు క్రొత్త ప్రశ్న ఫోనులోని వీడియో ఆటలది. హాంగ్‌ఝౌలో వానికి పతకము లిచ్చిరి. 2025 కేంద్రచట్టము వానిలో పోటీలుగా నడచువానిని ఈ-స్పోర్ట్స్ అను పేర ప్రోత్సహింపదలచినది. వేగము కలదు, సాధన కలదు, గెలుపోటములు కలవు. చిక్కు ఐదవ షరతుతోనే. చదరంగము ఎవరి సొత్తు కాదు. కబడ్డీ కూతకు యజమాని లేడు. బంతిని ఎవడైనను కుట్టవచ్చును. వీడియో ఆట మాత్రము ఒక కంపెనీ సొత్తు. ఆ కంపెనీ తలచినచో రేపు ఉదయమునకు నియమములు మారును, ఎల్లుండికి ఆటయే మాయమగును. పదియేండ్లు సాధన చేసిన కుఱ్ఱవాడు అప్పుడు ఎచ్చట ఆడవలెను?