తలకు దెబ్బ తగిలితే — వైద్యం, చట్టం, ఇంటి ఆసరా



హైదరాబాదులో నాంపల్లి స్టేషను మీలో చాలామంది ఎరిగినదే. తెల్లవారి రైలు దిగిన జనంలో ఒక రైతు దంపతులు ఉన్నారనుకొందాం. అతనికి 34 ఏళ్ళు, నాలుగెకరాల ఆసామి. భార్య చేతిలో ఎక్స్‌రే కవరు, సంచీనిండా కాగితాలు. నాలుగు నెలలక్రితం పట్నానికి పనిమీద వచ్చినప్పుడు అతని మోటారు సైకిలును లారీ గుద్దింది. తలకు దెబ్బ తగిలింది. ఇప్పుడు గాయం మానింది, జుట్టు కూడా మొలిచింది. ఊళ్ళో చూచినవారందరూ “బాగున్నావు కదా, ఇంకేం!” అనేవారే. కాని ఇంటి సంగతి భార్యకు తెలుసు. మోటారు వేసి కట్టడం మరచిపోతాడు. యూరియా ఏ మడికి చల్లాడో గుర్తుండదు. చిన్న మాటకే మండిపడతాడు. సంతలో లెక్క తప్పుతాడు.

ఆ దంపతులు నడచుకొంటూ నాంపల్లి క్రిమినల్ కోర్టులకు వెళ్ళి, “మాకు రావలసిన డబ్బు ఎప్పుడిస్తారు?” అని అడుగుతారు. “అది ఇక్కడ కాదమ్మా” అంటారు. అక్కడినుంచి ఆబిడ్స్‌లో ఎవరో చెప్పిన బీమా ఆఫీసుకు పోతారు. అక్కడ, “మనిషి బాగానే ఉన్నాడు కదా, ఈ మొత్తం తీసుకొని సంతకం పెట్టండి” అంటారు. సంతకం పెట్టాలా, వద్దా? ఈనాడు మనం మాట్లాడుకొనేది ఆ సంగతే.

ముందు దెబ్బ సంగతి. కాలు విరిగితే అందరికీ కనిపిస్తుంది. మెదడుకు తగిలిన గాయం అలా కనిపించదు. తల పగలకపోయినా, ఒక్క చుక్క రక్తం రాకపోయినా, పుర్రె లోపల మెదడు అదిరి దెబ్బతినవచ్చు. దెబ్బ తగిలిన మనిషి స్పృహ తప్పినా, మాటిమాటికీ వాంతులు చేసుకొంటున్నా, మగత పెరుగుతున్నా, మాట తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా, చెవినుంచిగాని ముక్కునుంచిగాని రక్తమో నీరువంటిదో కారుతున్నా, ఒక కంటిపాప రెండవదానికంటె పెద్దదిగా ఉన్నా, ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు. 108 కు ఫోను చేయండి. మెడ కదలకుండా పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు పోయవద్దు. పెద్దవయసువారిలో మరొక ప్రమాదం ఉన్నది. పడ్డ రోజున బాగానే ఉంటారు. రెండు మూడు వారాలకు మెదడుపైన నెమ్మదిగా రక్తం చేరి తలనొప్పి, మతిమరుపు, నడకలో తూలుడు మొదలవుతాయి. దాన్ని ముసలితనమని కొట్టిపారేయకండి. స్కాను తీయించండి.

ఆస్పత్రిలో చేర్చేటప్పుడు డబ్బు ఎలాగా అని జంకవద్దు. రోడ్డు ప్రమాదంలో దెబ్బ తగిలినవారికి మొదటి 7 రోజులు, లక్షన్నర రూపాయల దాకా, నగదు కట్టకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. నిర్ణయించిన ఆస్పత్రులలోనే ఇది వర్తిస్తుంది, చేరేటప్పుడే అడగండి. పడినవారిని ఆస్పత్రికి చేర్చిన బాటసారికి ఏ కేసూ చుట్టుకోకుండా మోటారు వాహనాల చట్టంలో రక్షణ ఉన్నది. కాబట్టి భయపడి తప్పుకొని పోకండి.

ఇక కోర్టు సంగతి. ఇక్కడ ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. ఒక్క ప్రమాదం నుంచి రెండు కేసులు పుడతాయి. మొదటిది క్రిమినల్ కేసు. నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు డ్రైవరు మీద పోలీసులు పెట్టేది. హైదరాబాదు నగరంలో జరిగిన ప్రమాదమైతే అది సాధారణంగా నాంపల్లి క్రిమినల్ కోర్టులకు పోతుంది. అక్కడ తేలేది డ్రైవరు నేరం. మీ నష్టం లెక్క కాదు. రెండవది పరిహారం కేసు. ఇది 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద, ప్రమాద పరిహార ట్రిబ్యునలులో మీ తరఫున వేయవలసినది. క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా విడుదలైనా, అంతమాత్రాన పరిహారం పోదు. నేరం రుజువు కావాలంటే అనుమానానికి తావుండకూడదు. పరిహారానికి మాత్రం జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉన్నదని తేలితే చాలు.

ఈ రెండవ కేసుకు మీరు హైదరాబాదు రానక్కరలేదు సుమా! ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు కాపురముండే జిల్లాలోని ట్రిబ్యునలులోనే వేసుకోవచ్చునని చట్టం చెబుతున్నది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపల దరఖాస్తు పెట్టాలి. గడువు దాటినా ఆశ వదులుకోకుండా వకీలును సంప్రదించండి. ఈ గడువు నిబంధన మీదనే సుప్రీంకోర్టుకు వ్యాజ్యాలు వెళ్ళాయి. అయినా దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా. బాధితుడు తన మంచి చెడ్డ తాను చూచుకోలేని స్థితిలో ఉంటే, కోర్టు అనుమతితో భార్యగాని తండ్రిగాని అతని తరఫున కేసు నడపవచ్చు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే కూడా దారి ఉన్నది: తీవ్రగాయానికి 50,000 రూపాయలు, మరణానికి 2 లక్షలు ప్రభుత్వ పథకం కింద ఇస్తారు.

పరిహారం ఎలా లెక్క కడతారో ఇప్పుడు చూదాం. మనం అనుకొన్న 34 ఏళ్ళ రైతు నెలకు 12,000 రూపాయలు సంపాదించేవాడనుకోండి. ఏడాదికి 1,44,000. 40 ఏళ్ళలోపు వయసుగల స్వంత వృత్తివారికి మున్ముందు ఆదాయం పెరుగుతుందని మరో 40 శాతం కలుపుతారు, 2,01,600 అవుతుంది. 31 నుంచి 35 ఏళ్ళ వారికి దీన్ని 16తో హెచ్చిస్తారు, 32,25,600. ఇది సంపాదన పూర్తిగా పోయినవారికి. ఇక మెడికల్ బోర్డు ఇతనికి 30 శాతం వైకల్యమని సర్టిఫికెట్టు ఇచ్చిందనుకొందాం. ఆ లెక్కన 9,67,680 వస్తుంది. కాని 2010లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది: శరీరానికి కలిగిన వైకల్యం వేరు, దానివల్ల సంపాదన శక్తికి కలిగిన నష్టం వేరు, ఆ మనిషి చేసే పని ఏమిటో చూచి రెండవదాన్ని తేల్చాలి. గుర్తు నిలవక, లెక్క తెలియక, ఫిట్స్ భయంతో ట్రాక్టరు ఎక్కలేక, ఇతని సంపాదన శక్తి సగం పోయిందని రుజువైతే 16,12,800 వస్తుంది. తేడా 6,45,120 రూపాయలు. ఆ తేడా అంతా మీరు చూపించే సాక్ష్యంలోనే ఉన్నది.

మందుల ఖర్చు, పడిన బాధ, మున్ముందు వైద్యం, కనిపెట్టుకొని ఉండే మనిషి ఖర్చు ఇవన్నీ దీనికి అదనం. ఉత్తరాదిన 2007లో 12 ఏళ్ళ పాప తల్లిదండ్రులతో ట్రాక్టరు మీద పోతూండగా లారీ గుద్దింది. మెదడు దెబ్బతిని ఆ పాప తొమ్మిది నెలల పసిబిడ్డ స్థితిలో ఉండిపోయింది. ట్రిబ్యునలు సుమారు 11 లక్షలు ఇచ్చింది. హైకోర్టు 25 లక్షలు దాటించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62,27,000 చేసింది. అందులో 21,60,000 కేవలం ఆ పాపను చూచుకొనే ఇద్దరు మనుషుల జీతానికే. ఇంట్లో తల్లి చేసే సేవకు విలువ లేదనుకోకండి. కోర్టు దానికీ విలువ కడుతుంది.

మరి సాక్ష్యం ఏమిటి? ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆస్పత్రిలో చేరిననాటి కాగితం, స్కాను ఫిలిములు, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి మందు బిల్లు. ఇవి చాలామంది దాస్తారు. మరచిపోయేవి రెండు ఉన్నాయి. ఒకటి, జ్ఞాపకశక్తి, తెలివి, మాట ఎంత దెబ్బతిన్నాయో కొలిచే పరీక్ష. న్యూరాలజీ, సైకాలజీ విభాగాలున్న పెద్దాస్పత్రులలో చేస్తారు; డాక్టరుగారిని అడిగి చేయించండి. రెండవది మీ చేతిలోనిదే. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని మొదటి వారం నుంచీ తేదీవారీగా వ్రాయండి: ఫలానా రోజు ఫిట్స్ వచ్చాయి, ఫలానా రోజు పొలం దారి తప్పాడు, ఫలానా రోజు దుక్కికి కూలి పెట్టి ఇంత ఇచ్చాము. “భూమి ఎక్కడికీ పోలేదు కదా, నష్టమేమిటి?” అని బీమా కంపెనీ వకీలు తప్పక అడుగుతాడు. అప్పుడు కౌలుకిచ్చిన కాగితం, పెట్టిన కూలి లెక్క, పాలకేంద్రంలో తగ్గిన పాల పద్దు మీకు జవాబు చెబుతాయి.

ఇప్పుడు సంతకం సంగతికి వద్దాం. బీమా కంపెనీ ఒక మొత్తం ఇస్తామనవచ్చు. అది చట్టంలో ఉన్న పద్ధతే. లోక్ అదాలత్‌లో రాజీ కూడా మంచి మార్గమే. ఖర్చు లేదు, ఆలస్యం లేదు. కాని అక్కడ ఒక్కసారి ఒప్పుకొంటే అప్పీలు లేదు. మెదడు గాయం ఎంతవరకు కుదురుతుందో మొదటి నెలలో డాక్టరుగారే చెప్పలేరు. మొదటి ఆరు నెలల్లో వేగంగా కోలుకొంటారు; ఏడాది, రెండేళ్ళ దాకా ఎంతో కొంత మెరుగు కనిపిస్తూనే ఉంటుంది. కావున దరఖాస్తు త్వరగా పెట్టండి, రాజీకి మాత్రం తొందరపడకండి. వైకల్యం సంగతి డాక్టరు తేల్చి వ్రాసిన తరువాతనే ఒప్పుకొనే మాట. “డబ్బు ఇప్పిస్తాను, సగం నాది” అనే దళారిని గుమ్మం ఎక్కనీయకండి. వచ్చే సొమ్ములో వాటా మాట్లాడుకోవడం వకీళ్ళకే బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం కూడదు. ఇక దళారికి హక్కెక్కడిది?

వకీలుకు ఇచ్చుకోలేమంటారా? 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. పేదలైన ఇతరులకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ట్రాక్టరు యజమానులకు ఒక హెచ్చరిక. నాట్లకు కూలీలను ట్రాలీలో ఎక్కించుకొని పోవడం, మడ్‌గార్డు మీద కూర్చోబెట్టడం మనకు అలవాటు. ట్రాక్టరు బోల్తాపడి కూలీ తలకు దెబ్బ తగిలితే, “మా పాలసీ వ్యవసాయ పనికి, మనుషుల రవాణాకు కాదు” అంటుంది కంపెనీ. ఆ వాదనను కోర్టులు అనేకసార్లు ఒప్పుకొన్నాయి. అప్పుడు అటు కూలీ కుటుంబం చితికిపోతుంది, ఇటు పరిహారం మీ పొలం మీదికి వస్తుంది. లైసెన్సు లేని కుర్రవాడికి స్టీరింగు ఇచ్చినా ఇదే గతి.

చివరిగా ఇంటి ఆసరా. తలదెబ్బ తగిలినవాని కోపం పొగరు కాదు, మౌనం సోమరితనం కాదు, అది గాయమే. రోజూ ఒకే వేళకు నిద్ర, ఒకే వేళకు భోజనం, ఒకసారికి ఒక్క పని చెప్పండి. గోడమీద పలక కట్టి ఆనాటి పనులు వ్రాయండి. ఫిజియోథెరపీ, మాటకు ఇచ్చే శిక్షణ మధ్యలో మానకండి. ఫిట్స్ మందు డాక్టరు చెప్పనిదే ఆపకూడదు. కల్లు, సారా ముట్టనే కూడదు. డాక్టరు సరేననేదాకా ట్రాక్టరు, చెట్టెక్కడం, ఒంటరిగా బావి దగ్గరికి పోవడం, పురుగుమందు కొట్టడం వద్దు. విత్తనం ఏరడం, పశువులకు మేత వేయడం వంటి తేలిక పనులతో మొదలుపెట్టండి. మతి నిలకడ లేనప్పుడు అతనిచేత భూమి కాగితాలమీద ఎవరూ సంతకం తీసుకోకుండా కాపాడండి. అటువంటి స్థితిలో చేసిన ఒప్పందం చట్టం ముందు నిలవదు. కాని దాన్ని రద్దు చేయించడానికి మళ్ళీ కోర్టుకు ఎక్కవలసిందే.

విస్తరణ ఉద్యోగులారా, మీరు ప్రతి వారం ఊరు తిరిగేవారు. మొన్నటిదాకా చురుకుగా సేద్యం చేసిన రైతు ప్రమాదం తరువాత అదునులు తప్పుతున్నాడంటే మొదట కనిపెట్టేది మీరే. ప్రమాదం జరిగిన తేదీ అడగండి. ఆరు నెలలకు ఇంకా ఎన్ని రోజులున్నవో ఆ ఇల్లాలితో కలిసి లెక్కపెట్టండి. వైకల్య సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టించండి; పింఛనుకు ఆధారం అదే. అవసరమైతే, “ఇతను ఇంతకుముందు ఇలా సేద్యం చేసేవాడు” అని కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వెనుదీయకండి.

మనం మొదట అనుకొన్న ఆ ఇల్లాలు ఆబిడ్స్‌లో సంతకం పెట్టకుండా లేచి వచ్చిందనుకొందాం. నాలుగు నెలలు గడచినా ఆమెకు ఇంకా రెండు నెలల వ్యవధి ఉన్నది. సాయంత్రం బండికి ఊరు చేరి, మరునాడు తన జిల్లా కోర్టు మెట్లు ఎక్కితే చాలు. కాగితాల సంచీ ఎలాగూ ఆమె చేతిలోనే ఉన్నది.