పది అడుగుల కారు

1956లో ఈజిప్టు ప్రభుత్వం సూయజ్ కాలువను జాతీయం చేసింది. ఆ వెంటనే వచ్చిన యుద్ధంలో కాలువ మూతపడింది. ఓడల్లో రావలసిన చమురు ఇంగ్లండుకు సరిగా చేరలేదు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడ పెట్రోలుకు రేషను పెట్టారు. పెద్ద కార్లను నడపడం భారమయింది. గుడ్డు ఆకారంలో ఉండే బుల్లి కార్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది.

బి.ఎం.సి. అనే బ్రిటిష్ కార్ల కంపెనీకి అప్పటి అధిపతి లియోనార్డ్ లార్డ్. ఆ బుల్లి కార్లంటే ఆయనకు గిట్టేది కాదు. తక్కువ పెట్రోలుతో నడిచే అసలైన చిన్న కారును తయారు చేయమని 1957లో అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజనీరును కోరాడు. ఇసిగోనిస్ 1906లో, నేడు టర్కీలో ఉన్న స్మిర్నా నగరంలో పుట్టినవాడు. లార్డ్ పెట్టిన షరతు ఒకటే: ఇంజను మాత్రం కంపెనీలో అప్పటికే తయారవుతున్నదే కావాలి. ఇసిగోనిస్ తనకు తానే ఇంకో షరతు పెట్టుకున్నాడు. కారు పొడవు పది అడుగులు మించకూడదు, అందులో నలుగురు పెద్దవాళ్ళు కూర్చోగలగాలి.

ఇది ఎంత కష్టమో తెలియాలంటే ఆ రోజుల్లో కార్ల అమరిక తెలియాలి. ఎక్కువ కార్లలో ఇంజనును ముందు భాగంలో, కారు పొడవు వెంబడి నిలువుగా పెట్టేవారు. దాని వెనుక గేర్‌బాక్సు ఉండేది. అక్కడి నుంచి వెనుక చక్రాల దాకా ఒక పొడవైన ఇనుప షాఫ్టు సాగేది. ఆగి ఉన్న లారీ కిందికి వంగి చూస్తే అటువంటి షాఫ్టు మీకు ఇప్పటికీ కనిపిస్తుంది. పది అడుగుల కారులో ఇవన్నీ పెడితే మనుషులకు మిగిలే చోటెంత?

ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా తిప్పి పెట్టాడు. గేర్‌బాక్సును దాని పక్కన పెడదామంటే కారు వెడల్పు చాలలేదు. అందుకని ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోనే గేర్లను అమర్చాడు. ఇంజనుకూ గేర్లకూ ఒకటే ఆయిలు. శక్తి నేరుగా ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి పొడవైన షాఫ్టుతో పని లేకపోయింది. రేడియేటరును కూడా ముందు నుంచి తీసి ఒక పక్కకు జరిపాడు. కారు నేలకొలతలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ దక్కింది. 1959 ఆగస్టు 26న ఆ కారు బయటికి వచ్చింది. దాని పేరు మినీ. ఇంజను పరిమాణం 848 ఘన సెంటీమీటర్లు, శక్తి 34 అశ్వశక్తి, బరువు సుమారు 600 కిలోలు.

ఇబ్బందులూ లేకపోలేదు. ప్లగ్గులకు విద్యుత్తు పంచే డిస్ట్రిబ్యూటరు సరిగ్గా ముందు జాలీ వెనుక వచ్చింది. జోరువానలో అది తడిసి ఇంజను ఆగిపోయేది. వానలకు పేరుపడిన ఇంగ్లండులో ఇది చిన్న లోపమేమీ కాదు.

మినీలో ఇంజనూ కారూ విడివిడిగా పుట్టినవి కావు. ఆ ఇంజను ఇమిడిన తీరే ఆ కారును చిన్నదిగా చేసింది. కాబట్టి వేరే ఇంజను పెట్టాలనుకున్న ప్రతివారికీ శక్తి కంటే ముందు చోటు సమస్య ఎదురయింది.

తొలి ప్రయత్నాల్లో ఒకటి మరీ విచిత్రమైనది. ఇంజను మార్చకుండా రెండో ఇంజను చేర్చారు! వెనుక సీటు ఉండే చోట అదే రకం ఇంజను, దానికో గేర్‌బాక్సు, దానికో రేడియేటరు. ముందు ఇంజను ముందు చక్రాలను, వెనుక ఇంజను వెనుక చక్రాలను తిప్పుతుంది. ఇటువంటి కారు 1963లో ఇటలీలోని సిసిలీ దీవిలో జరిగే టార్గా ఫ్లోరియో పందెంలో పాల్గొంది. కొండదారుల్లో నాలుగు చక్రాల పట్టు బాగానే పనికొచ్చింది గాని, వెనుక ఇంజనుకు గాలి సరిగా ఆడక అది విపరీతంగా వేడెక్కింది. అదే ఏడాది ఇంగ్లండులో రెండు ఇంజన్ల మినీని నడుపుతూ జాన్ కూపర్ ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. వేగవంతమైన మినీలకు తన పేరిచ్చిన కూపర్ ఈయనే. ఆ తరువాత ఆ ఆలోచన ముందుకు సాగలేదు.

రెండో ప్రయత్నం ఇసిగోనిస్‌దే. 1960ల చివర ఆయన మరింత తేలికైన కొత్త ఇంజనునూ, దాని కోసం మినీ కంటే పొట్టిదైన కారునూ రూపొందించాడు. కారు పొట్టిదైనా లోపల చోటు ఎక్కువ. నమూనాలు తయారయ్యాయి, కాని ఉత్పత్తి జరగలేదు. ఇంజనీరు దృష్టితో చూస్తే అన్నిటిలోకీ సరైన మార్గం ఇదే. పాత కారులో కొత్త ఇంజనును ఇరికించకుండా, రెండింటినీ మళ్ళీ కలిపి ఆలోచించిన పని ఇది.

తరువాత మెకానిక్కులు, ఔత్సాహికులు రంగంలోకి దిగారు. 1989లో వచ్చిన హోండా కంపెనీ 1600 తరగతి ఇంజను 160 అశ్వశక్తి ఇచ్చేది. అంటే తొలి మినీకి దాదాపు అయిదు రెట్లు. దాన్ని మినీలో బిగించాలంటే ఇంజనును మోసే ముందు చట్రం మార్చాలి. బ్రేకులు పెద్దవి కావాలి. పది అంగుళాల చక్రాల్లో పెద్ద బ్రేకులు పట్టవు కనుక చక్రాలూ మార్చాలి. 34 అశ్వశక్తి కోసం చేసిన బ్రేకులతో అంత శక్తిని వదలడం ప్రాణాలతో చెలగాటం.

కొందరు మోటారు సైకిలు ఇంజనును ఎంచుకున్నారు. 1998లో వచ్చిన యమహా ఆర్-1 ఇంజను పరిమాణం 998 ఘన సెంటీమీటర్లు. మినీలోనూ సరిగ్గా 998 ఇంజను ఒకటి ఉండేది. మినీది 40 అశ్వశక్తికి లోపు, యమహాది 150! తేడా ఎక్కడుంది? యమహా ఇంజను నిమిషానికి పదివేల చుట్లు తిరగగలదు, మినీ ఇంజను అందులో దాదాపు సగమే. ఒక్కో చుట్టులో వచ్చే బలమూ యమహాదే ఎక్కువ, పైగా చుట్లు పెరిగితే శక్తి పెరుగుతుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. మోటారు సైకిలుకు రివర్సు గేరు ఉండదు, దాన్ని వేరుగా అమర్చుకోవాలి. పైగా ఈ ఇంజనును తరచు వెనుక సీటు తీసేసి అక్కడ బిగిస్తారు. అప్పుడు నలుగురి కారు ఇద్దరి కారవుతుంది.

పాత మినీ ఉత్పత్తి 2000 అక్టోబరులో ఆగింది. అప్పటికి 53 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. చివరి కారు దాకా అడుగున గేర్లున్న ఆ అడ్డపు ఇంజనే ఉంది. అడ్డపు ఇంజను మన దేశపు రోడ్లకూ వచ్చింది. 1983లో వచ్చిన మారుతి 800లో ఇంజను అడ్డంగానే ఉంటుంది. గేర్లు మాత్రం అడుగున కాక పక్కన ఉంటాయి.

ఇప్పుడు మినీ పేరు జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. కంపెనీ చేతిలో ఉంది. పాత మినీల్లో విద్యుత్ మోటారును అమర్చే పథకాన్ని 2022లో ప్రకటించారు. ఒకసారి చార్జి చేస్తే సుమారు 160 కిలోమీటర్లు నడుస్తుందని చెప్పారు. పొగ లేదు, వాన భయం లేదు. ఈ పథకంలో కారు అసలు నిర్మాణం చెడకుండా చూస్తారు. తీసిన పెట్రోలు ఇంజనును పారవేయరు. అది ఏ కారుదో గుర్తు వేసి భద్రపరుస్తారు. కావాలనుకున్న రోజున దాన్ని తిరిగి అదే కారులో బిగించుకోవచ్చు.