ఆ వేలు నాదే

మా ఆడపడుచు కూతురి పెళ్లికి సామాన్లు కొందామని అత్తయ్యా, నేనూ బేగంబజార్ వెళ్లాం. నాలుగేళ్లయింది. ఆ బజారు సంగతి తెలిసిందేగా! మొజంజాహీ మార్కెట్ దాటి అటు తిరిగామంటే మనం నడవక్కర్లేదు, జనమే తోసుకెళ్తారు. ఇత్తడి, స్టీలు సామాన్ల కొట్లు, జీడిపప్పు, ఎండుద్రాక్ష బస్తాలు, నెత్తిన మూటలతో హమాలీలు, మధ్యలో ట్రాలీ రిక్షాలు. గుండిగలూ, బేసిన్లూ, డబ్బాల సెట్లూ బేరమాడి తీసుకున్నాం. కొట్టు కుర్రాడు వాటిని గోనెపట్టాలో చుట్టి ట్రాలీ మీద కట్టేశాడు. తీరా డబ్బిద్దామని చూసుకుంటే పర్సు లేదు! అందులో పన్నెండు వేలు, మెరుగు పెట్టిద్దామని తెచ్చిన అత్తయ్య కమ్మలు.

అత్తయ్య మెట్టు మీదే కూలబడ్డారు. కొట్టాయన ఫోన్ చేస్తే ఒక పోలీసాయన వచ్చారు. ఆయన అడిగిన మొదటి మాట, "ఎవరి మీదైనా అనుమానముందా, మేడం?"

అప్పుడక్కడ ఎంతమంది ఉన్నారని! కొట్టాయన, ఆయన కొడుకు, ఇద్దరు పనివాళ్లు, పట్టుచీరల్లో ముగ్గురు ఆడవాళ్లు. మెట్ల కింద అట్టపెట్టెలు ఏరుకుంటూ, చంకలో పిల్లాడితో ఒకావిడ. నా వేలు ఎటు చూపించిందో వేరే చెప్పాలా?

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి అడిగారు. పర్సు ఏ రంగు? ఆఖరుసారి ఎప్పుడు చూశారు? ఆమెను నిలబెట్టి అడిగినవి వేరు. ఏ ఊరు నీది? నీ మొగుడేం చేస్తాడు? ఇంతకుముందు ఎన్నిసార్లు దొరికినవ్? ఎవరి చేతికిచ్చినవ్?

"సారూ, ఆ గుండిగల..." అని ఆమె ఏదో చెప్పబోయింది. "అడిగినదానికి చెప్పు" అని గదమాయించారు. మళ్లీ "గుండిగ" అంది. మళ్లీ గదమాయింపే. లేడీ కానిస్టేబుల్ వచ్చి, కొట్టు వెనక్కి తీసుకెళ్లి, కొంగు, నడుము, చివరికి పిల్లాడి చొక్కా కూడా వెతికింది. ఏమీ దొరకలేదు. గంటన్నర తర్వాత పంపించేశారు. మావారు ఫోన్లో డబ్బు పంపిస్తే కొట్టాయనకు కట్టి, ఏడుపుమొహాలతో ఇల్లు చేరాం.

రాత్రి కట్టలు విప్పుతుంటే పెద్ద గుండిగలో, బాదంపప్పు పొట్లం కింద నా పర్సు! చేతులు ఖాళీ లేక నేనే పడేసి మరిచిపోయాను. అత్తయ్య సంతోషంతో దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఆ మూడక్షరాలు చెవుల్లో గింగురుమన్నాయి. గుండిగ... గుండిగ. నేను పర్సు అందులో పెట్టడం ఆమె చూసింది. ఆ బజారు మొత్తంలో నా పర్సు ఎక్కడుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మేమంతా కలిసి సాక్షిని దొంగను చేశాం.

జవాబు ముందు, ప్రశ్న తర్వాత

పోలీసాయన చెడ్డవాడని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మనసులో జవాబు ముందే ఖాయమైపోతే అడిగే ప్రశ్నలన్నీ దాని వెనకాలే నడుస్తాయి. మన చెవులు మిగతా మాటలు వినడం మానేస్తాయి. నా విషయంలో పోయింది గంటన్నర. కొందరి విషయంలో జీవితాలే పోయాయి.

మన హైదరాబాదులోనే 1978 మార్చి చివర్లో రమీజాబీ అనే యువతి భర్తతో కలిసి సినిమా చూసి వెళ్తోంది. ఆమెను నల్లకుంట పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. అడ్డుకోబోయిన భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. ఊరు భగ్గుమంది. కాల్పుల దాకా వెళ్లింది. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. ఆ విచారణలో పోలీసుల తరఫు వాదన ఏమిటో తెలుసా? ఆమె వ్యభిచారిణి అని, వాళ్ల పెళ్లి అసలు పెళ్లే కాదని! ఆ రాత్రి స్టేషన్లో ఏం జరిగిందన్నది పక్కకు పోయి, ఆమె ఎలాంటిదన్నదే ప్రశ్నయి కూర్చుంది. కమిషన్ ఆ వాదనకు లొంగలేదు, పోలీసులదే తప్పని తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు వెళ్లి, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఈ కేసూ, మహారాష్ట్రలోని మథుర కేసూ రేపిన ఆందోళనతోనే 1983లో అత్యాచార చట్టం మారింది. కస్టడీలో జరిగే అత్యాచారానికి కఠిన శిక్ష వచ్చింది. అయినా బాధితురాలి నడత మంచిది కాదని చూపించి ఆమె మాటను కొట్టిపారేసే వీలు సాక్ష్య చట్టంలో అలాగే ఉండిపోయింది. 2002 సవరణ చట్టం దాకా దాన్ని తీసెయ్యలేదు!

పుట్టుకే నేరమా?

ఒక మనిషిని కాదు, కులాలకు కులాలనే దొంగలన్న చట్టం కూడా మన దేశంలో ఉండేది. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్త తెగల చట్టం. ఆ తరహా చట్టం కిందే బాపట్ల దగ్గర స్టువర్టుపురం వెలిసింది. అక్కడ ఉంచిన ఎరుకల కుటుంబాల్లో పుట్టిన పసిబిడ్డ కూడా అనుమానితుడే. చట్టం 1952లో రద్దయింది. కానీ ఊరి పేరు చెబితే అద్దె ఇల్లు దొరకని పరిస్థితి ఆ తర్వాతా పోలేదు. సినిమాల్లో ఆ పేరు వినగానే మనకూ దొంగలే గుర్తొస్తారు కదూ?

ఇలా ముందే ఖాయం చేసుకోవడంలో ఇంకో నష్టముంది. అసలు దోషి హాయిగా తప్పించుకుంటాడు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఆయేషా మీరా హత్య జరిగింది. సత్యంబాబు అనే పేదింటి కుర్రాణ్ణి 2008లో అరెస్టు చేశారు, 2010లో శిక్ష పడింది. ఇతను కాదని చెప్పింది ఎవరనుకున్నారు? బిడ్డను పోగొట్టుకున్న ఆయేషా తల్లే! ఆ అమ్మ మాట విని ఉంటే ఎంత బావుండేది! ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017 మార్చిలో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. మరుసటేడు దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. అప్పటికి పదేళ్లు గడిచిపోయాయి.

బయటి దేశాలూ ఇందులో తక్కువ తినలేదు. 1974లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో బాంబులు పేలితే ఆరుగురు ఐరిష్ వాళ్లను పట్టుకుని, కొట్టి ఒప్పించారు. వాళ్లు నిర్దోషులని 1991లో తేలింది. అలాంటి కేసులతో తల వాచాక అక్కడి పోలీసులు ప్రశ్నించే తీరే మార్చుకున్నారు. ‘పీస్’ అని ఆ పద్ధతికి పేరు. ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినాలి. ఆ తర్వాతే ప్రశ్నలు. ఎంత చిన్న విషయం! ఆ రోజు బేగంబజార్లో ఎవరైనా ఇలా అడిగి ఉంటే రెండు నిమిషాల్లో పర్సు దొరికేది.

మనకు తెలియాల్సినవి

సాక్షిగా ప్రశ్నించాలంటే స్త్రీని స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఆమె ఇంటికి రావాలి. పాత నేర విచారణ చట్టంలో ఉన్న ఈ రక్షణ 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనూ ఉంది. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయకూడదు. ఒంటి మీద సోదా స్త్రీయే చేయాలి, అదీ మర్యాదగా. పోలీసుల దగ్గర నేరం ఒప్పుకున్నా కోర్టులో అది సాక్ష్యంగా చెల్లదు. ఇవి మనకే కాదు, మన పనిమనిషికీ, అట్టముక్కలు ఏరుకునే ఆమెకీ వర్తిస్తాయి.

పర్సు దొరికిందని పోలీసాయనకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిదే మేడం" అని పెట్టేశారు. ఆమె మాట ఆయనా ఎత్తలేదు. నాలుగో రోజు నేనే వెళ్లి వెతికితే పక్క సందులో కనిపించింది. తప్పు నాదేనని చెప్పాను. "దొరికింది గద, మంచిగైంది" అంది. కాసేపాగి, "గా సేటు ఇప్పుడు అట్టలు ఏరనిస్తలేడమ్మా" అంది.

కొట్టాయన దగ్గరికెళ్లి జరిగింది చెప్పాను. "వదిలెయ్యండి మేడం, వాళ్లంతా అంతే" అన్నాడు. ఆమెను రానిస్తానని అనేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. మాట నిలబెట్టుకున్నాడో లేదో నాకు తెలియదు. నేనిచ్చిన అయిదు వందలు ఆమె కొంగున ముడేసుకుంది. దాంతో లెక్క తీరలేదని ఇద్దరికీ తెలుసు.

మనింట్లో ఉంగరం కనిపించకపోతే మన నోటి వెంట మొదట వచ్చే పేరు ఎవరిది? దర్యాప్తు స్టేషన్లో మొదలవుతుందనుకుంటాం. మొదలయ్యేది మన గుమ్మంలోనే. ఈసారి ఎవరైనా "ఎవరి మీద అనుమానం?" అని అడిగితే నేను చూసింది మాత్రమే చెబుతాను. పక్కన నోరు తెరవబోయిన మనిషి ఉంటే, ముందు ఆమె మాట వినమంటాను.