అపోహలు – వాస్తవాలు: కౌర్నా భాష దానంతటదే పోయిందా?

ఆస్ట్రేలియా ఆదిమవాసుల భాషలు చదువుకు ఒదగక, ఇంగ్లీషు ముందు నిలవలేక పోయాయని చాలామంది నమ్మకం. అడిలైడ్ మైదానాల కౌర్నా ప్రజల చరిత్ర ఇందుకు పూర్తిగా ఎదురు సాక్ష్యం. 1838లో వచ్చిన జర్మన్ మిషనరీలు టైషెల్మన్, ష్యూర్మన్ మరుసటేడు టోరెన్స్ నది ఒడ్డున పిల్తావొడ్లిలో బడి పెట్టారు. చదువంతా కౌర్నాలోనే. 1840కల్లా వ్యాకరణం, సుమారు 2,000 మాటల పదకోశం అచ్చయ్యాయి. పిల్లలు సొంత భాషలో రాసిన ఉత్తరాలు జర్మనీ దాకా వెళ్లాయి. మిషనరీల అసలు గురి మతప్రచారమే, నిజమే. అయినా ఆ భాష పలక మీదికి రాగలదనడానికి ఆ ఉత్తరాలు చాలు. మరి ఏమైంది? 1845లో ఆ బడి మూసేశారు. పిల్లల్ని ఇంగ్లీషు మాత్రమే నడిచే మరో బడికి మార్చారు. వలసవాదుల వెంట వచ్చిన రోగాలు, చేజారిన భూములు మిగతా పని కానిచ్చాయి. దీన్ని సహజ మరణం అనలేం.

ఇప్పుడు మాట్లాడే కౌర్నా పాతది కాదు, పుస్తకాల్లోంచి అతికించిందేగా అనే ఆక్షేపణ ఒకటుంది. కొట్టిపారేయదగ్గది కాదు. చివరి వక్తగా పేరున్న ఇవారిజీ 1929లో కన్నుమూశారు. ఆమె తర్వాత భాష దశాబ్దాల పాటు ఇళ్లలో వినబడలేదు. కానీ మనుషులు ఎటూ పోలేదు. 2018లో ఫెడరల్ కోర్టు కౌర్నా ప్రజల భూహక్కును గుర్తించింది కూడా. భాషను తిరిగి నేర్చుకుంటున్నది వాళ్ల వారసులే. కంప్యూటర్‌కు వాళ్లు పెట్టిన పేరు 'ముకర్న్తు': మెదడుకున్న పాత మాటను, మెరుపుకున్న పాత మాటతో కలిపారు. కొత్త వస్తువుకు పాత ధాతువులతో పేరు కట్టడం కల్తీ అయితే, మన 'దూరదర్శిని'కీ ఆ దోషం అంటాలి. ఇంకో విచిత్రం: బడి మూతపడినప్పటి గవర్నర్ జార్జ్ గ్రే. 1857లో టైషెల్మన్ తన రాతప్రతి నిఘంటువు పంపింది ఆయనకే. అది కేప్‌టౌన్‌లో గ్రే సేకరణలో భద్రంగా మిగిలింది. ఈ రోజు పాఠాలు తయారుచేసేవాళ్లు మాటల కోసం వెతికే చోట్లలో అదీ ఒకటి.