పాలు పడని బిడ్డలు

పాలు పడుట లేదను మాట మనము తఱచుగా వినుచుందుము. ఈ మాట వెనుక రెండు వేర్వేరు స్థితులు కలవు.

పాలలోని చక్కెరయగు లాక్టోజు అరుగనిచో కడుపుబ్బరము, విరేచనములు కలుగును. ఇట్టివారిలో పెక్కుమందికి పెరుగు సరిపడును. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరను కొంత హరించును.

ఎలర్జీ వేరు. ఇందు దేహరక్షణశక్తి కేసీను మొదలగు పాల మాంసకృత్తులను శత్రువులుగా నెంచి ఎదిర్చును. దద్దుర్లు, వాంతులు, ముఖమున వాపు, ఆయాసము పుట్టవచ్చును. ఆ మాంసకృత్తులు పెరుగులోను, మజ్జిగలోను ఉండును. నేతిలోను లేశము మిగులవచ్చును. మేకపాలు, గేదెపాలు కూడ సాధారణముగా ప్రత్యామ్నాయము కావు.

కావున పాలు పడని బిడ్డకు 'గుక్కెడు మజ్జిగ యేమి చేయును?' అని పోయుటకు మునుపు, అది ఏ స్థితియో వైద్యునిచే తేల్చుకొందము. ఊపిరాడనిచో క్షణమైన జాగుసేయక ఆసుపత్రికి చేర్పవలెను.