లేతు బలమునకు తగిన టూలు

మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారము పేరు వినగానే ఇనుప రాయి జ్ఞప్తికి వచ్చును. ఆ రాయి ఉక్కుగా మారినంత మాత్రమున పని పూర్తి కాదు. ఉక్కును కొలతకు తరిగి ఆకారము నీయవలెను. ఆ పని చేయునది లేతు. పొలములో నీటిపంపు షాఫ్టు అరిగినప్పుడు రైతు పోవునది లేతు షాపునకే. కొత్త షాఫ్టు నున్నగా రానిచో బేరింగు సరిగా కూర్చొనదు. పంపు మరల ఆగును, పైరు ఎండును.

లేతులో తిరుగుచున్న కడ్డీని టూలు చెక్కును. అప్పుడు టూలు కడ్డీని, కడ్డీ టూలును నెట్టుకొనును. యంత్రము తేలికదైనను, కడ్డీ సన్ననిదైనను ఆ నెట్టుడుకు వంగి తిరిగి లేచును. ఒక చుట్టులో ఏర్పడిన అలవంటి గీత మరుచుట్టులో టూలును మరల కదిలించును. ఇట్లు అదురు పెరిగి యంత్రము కీచుమని అరచును. దీనినే చాటర్ అందురు. అమెరికా ఇంజనీరు ఎఫ్. డబ్ల్యు. టేలర్ లోహపు కోతను గూర్చి 1907లో ప్రచురించిన గ్రంథములో దీనిని మిక్కిలి చిక్కు సమస్యగా ఎంచెను.

ఒక కొననే పట్టిన కడ్డీ పొడవు రెట్టింపైనచో అదే బలమునకు 8 రెట్లు వంగును. వ్యాసము సగమైనచో 16 రెట్లు. ఇనుప స్కేలును బల్ల అంచున 10, 20 సెంటీమీటర్లు బయటికి ఉంచి, కొనకు ఒకే చిన్న బరువు వ్రేలాడగట్టి విద్యార్థులు పొడవు సంగతి చూడవచ్చును.

ఇక టూలు ఆకారము. మొండి కత్తిపీటపై టమాటా నలుగును. పదునుదానిపై తేలికగా తెగును. టూలు పైముఖపు వాలును రేక్ కోణమందురు. మెత్తని ఉక్కునకు హైస్పీడు స్టీలు టూలుపై 10 నుండి 15 డిగ్రీల వాలు ఉంచినచో పొట్టు సులభముగా లేచి నెట్టుడు తగ్గును. టూలు ముక్కు గుండ్రము చిన్నదిగా ఉండవలెను. కోత అంచు షాఫ్టునకు లంబముగా ఉన్నచో నెట్టుడులో అధికభాగము పొడవు దిక్కున పోవును. ఆ దిక్కున షాఫ్టు సులభముగా లొంగదు.

మరి అన్నిచోట్లను ఇట్టి టూలే ఏల వాడరు? వాలు హెచ్చిన కొలది అంచు పలుచబడి, వేడికి చెడును, విరుగును. పెద్ద కర్మాగారములలోని బరువైన లేతులు గట్టి నెట్టుడును ఓర్చును. అక్కడ వాలు సున్నకు దిగువన, సుమారు −6 డిగ్రీలుండు కార్బైడు టూళ్లు లోతుగా కోసియు మన్నును. వాటినే తేలిక లేతుకు బిగించినచో అదురు తప్పదు. ఇత్తడికి మాత్రము ఏ లేతుపైనను వాలు సున్న ఉంచుట మేలు. లేనిచో టూలు లోనికి లాగుకొనిపోవును.

చాటర్ వినబడగానే మొదట కడ్డీ రెండవ కొనను టెయిల్ స్టాకుతో ఆనించి, టూలును హోల్డరు లోనికి జరుపుడు. అప్పటికిని అరుపు ఆగనిచో టూలు అంచును చూడుడు.