ఇష్టమైన సినిమా, ఇష్టానికి కారణం

మీకు ఇష్టమైన సినిమా ఏదని ఖమ్మం, భద్రాచలం సంఘాల్లో అడిగితే చాలామంది పెద్దలు చెప్పే పేరు ‘కరుణామయుడు’. 1978లో ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో విజయచందర్ క్రీస్తుగా నటించారు. కోయ గూడెంలో తెలుగు పూర్తిగా రాని అవ్వకు కూడా సిలువ మోసే దృశ్యాన్ని ఎవరూ వివరించనక్కరలేదు. అందుకే దాన్ని ప్రేమిస్తున్నాం. అయితే తెరమీది ముఖం నటుడిది. కన్నీళ్లు అక్కడే ఆగిపోతే అది అభిమానమే గాని విశ్వాసం కాదు.

యౌవనస్థులు తమకు నచ్చిన సినిమా పేరు చెబితే గద్దించి నోరు మూయించకండి. ‘ఎందుకు నచ్చింది?’ అని అడగండి. తప్పిపోయిన కుమారుని కథ చెప్పి ప్రభువు కూడా హృదయాలను తట్టాడు. వారి జవాబును ఫిలిప్పీయులకు 4:8 గీటురాయి మీద కలిసి పరీక్షిద్దాం. వారి మనసు దేనికోసం ఆకలిగొందో అక్కడ తెలుస్తుంది.